డైవింగ్ సూట్లు కొన్నారు సరే, వాటి జిప్పులు ఎవరు చూస్తారు?

సంపాదకుల వారికి నమస్కారం.

ఎండలు ముదిరాయంటే మీ జిల్లా పేజీలో ఒకే రకం వార్త మళ్ళీ మళ్ళీ చదవాల్సి వస్తుంది. కల్యాణి డ్యాం దగ్గరో, స్వర్ణముఖిలో ఇసుక తోడిన గుంతల్లోనో, చిత్తూరు వైపు వదిలేసిన రాతి క్వారీలోనో ఈతకు దిగిన పిల్లలు మునిగిపోయారు, గజ ఈతగాళ్ళతో గాలిస్తున్నారు అని. ఆ వార్తల కిందే సహాయక బృందాలకు డైవింగ్ సూట్లు, పడవలు, లైఫ్ జాకెట్లు ఇవ్వాలన్న మాట కూడా ఈ మధ్య కనిపిస్తోంది. ఇవ్వాల్సిందే. దానికి ఇంకొక్క మాట కలపమని అడగడానికే ఈ ఉత్తరం. సూటు కొనమని రాసే కాగితంలోనే, ఆ సూటు జిప్పును ఎవరు కడుగుతారు, ఎవరు మైనం పెడతారు, వాడినాక ఎక్కడ ఎట్ల పెడతారు అన్నది కూడా రాసి ఉండాలి. అది లేకుండా కొన్న సూటు అవసరమైన రోజుకు అక్కరకు రాదు. అట్లాంటి సూటును చేత్తో పట్టుకొని చూసినాను కాబట్టి ఇంత గట్టిగా రాస్తున్నాను.

నేను గాంధీ రోడ్డులో బ్యాగులు, సూట్‌కేసులు రిపేరు చేసి బతుకుతాను. మా నాయనది కూడా ఇదే పని. మా గిరాకీ అంతా కొండకు వచ్చే యాత్రికులే. రైలు దిగేసరికి జిప్పు విచ్చుకుపోయి, తువ్వాలుతో చుట్టి కట్టిన సూట్‌కేసు మోసుకొని వస్తారు. దర్శనానికి టైమైపోతుంటుంది. ‘అన్నా, జిప్పు పోయింది, కొత్తది వెయ్యి’ అంటారు. చూస్తే పళ్ళన్నీ బాగానే ఉంటాయి. పోయింది రన్నరు, అంటే జిప్పు మీద పట్టుకొని లాగే ముక్క.

రన్నరును ఊడదీసి వెలుతురులో పెట్టి చూడండి. లోపల రెండు దారులు వచ్చి ఒకటిగా కలుస్తాయి. అవి కలిసే చోట సన్నటి చీలిక ఒకటి ఉంటుంది. ముందుకు లాగితే రెండు వైపుల పళ్ళను ఆ దారి గోడలు దగ్గరికి నెట్టి, ఒకదాని సందులో ఒకటి కూర్చోబెడతాయి. వెనక్కి లాగితే ఆ చీలిక వాటిని విడదీస్తుంది. అంతే దాని పని. దుమ్ము, ఇసుక చేరి ఆ గోడలు అరిగినాయంటే సందు పెరుగుతుంది, పళ్ళ మీద ఒత్తిడి చాలదు. రన్నరు సాఫీగా పోతుంది, వెనక జిప్పు మాత్రం తెరుచుకునే ఉంటుంది. అప్పుడు పట్టకారుతో రన్నరు రెండు పక్కలా వెనక అంచును, ఈ పక్క కొంచెం, ఆ పక్క కొంచెం, ఊపిరి బిగబట్టి నొక్కుతాము. మళ్ళీ పట్టు వస్తుంది. రన్నర్లు ఎక్కువగా జింకు కలిపిన పోత లోహంతో చేస్తారు, వంగే గుణం తక్కువ. ఒక్క నొక్కు ఎక్కువైతే పుటుక్కున విరుగుతుంది. మా దుకాణంలో పని నేర్చుకునే పిల్లలకు నేను మొదట నేర్పేది ఇదే.

డైవింగ్ సూట్లు నా చేతికి వచ్చింది మా చెల్లెలి కొడుకు వల్ల. వాడు విశాఖలో సముద్రంలో డైవింగ్ నేర్పే చోట పనిచేస్తాడు. సెలవుకు వచ్చినప్పుడు ఒక సంచి నిండా సూట్లు తెచ్చి నా ముందర పెడతాడు. ‘మామా, వీటిని నువ్వే చూడాల, ఇంగెవరికిచ్చినా చింపి పెడతారు’ అంటాడు. ఆ సంచి విప్పితే దుకాణమంతా సముద్రం వాసన. వీపు మీద పొడుగాటి జిప్పు, దానికి చేత్తో అందుకొని లాగడానికి ఒక బెత్తెడు వెడల్పు పట్టీ. అవి వెట్‌సూట్లు. లోపలికి కొద్దిగా నీళ్ళు వస్తాయి, ఒంటి వేడికి ఆ నీళ్ళు వెచ్చబడతాయి, సూటు గుడ్డలో సన్న సన్న గాలి బుడగలు ఉండబట్టి ఆ వెచ్చదనం బయటికి పోదు. ఆ గుడ్డ పేరు నియోప్రీన్. 1930లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ పరిశోధకులు కనుక్కున్న కృత్రిమ రబ్బరు అది. దాన్ని నురగలాగా పొంగించి ఒంటికి తొడుక్కుంటే నీళ్ళలో చలి ఆగుతుందని 1952లో హ్యూ బ్రాడ్‌నర్ అనే భౌతిక శాస్త్రవేత్త ఆలోచించినాడు. ఈ రకం సూటులో జిప్పు నీటిని పూర్తిగా ఆపక్కర్లేదు, తెరుచుకోకుండా ఉంటే చాలు. అందుకే నాలాంటివాడు దానికి రన్నరు మార్చగలడు, జిప్పు విప్పి కొత్తది కుట్టగలడు.

మా వాడు అక్కడ చేసే పని ఒకటి చెప్పాలి, మనవాళ్ళు కాపీ కొట్టాల్సింది అదే. సాయంత్రం నీళ్ళలోంచి వచ్చినాక సూట్లు ఎవరూ కుప్ప పోయరు. పెద్ద ప్లాస్టిక్ తొట్టిలో మంచినీళ్ళు పట్టి ఉంటాయి. సూటును అందులో ముంచి, నీళ్ళలోనే జిప్పును నిదానంగా తెరిచి మూసి తెరిచి మూసి ఆడిస్తారు. ఉప్పునీరు పళ్ళ సందుల్లో, రన్నరు లోపల నిలబడి ఉంటుంది. పైన నీళ్ళు పోస్తే అది రాదు. అక్కడే ఎండితే ఉప్పు గడ్డకట్టి రన్నరును పట్టేస్తుంది, దాని లోహాన్ని తినేస్తుంది. నీళ్ళలో ఆడిస్తే ఆ ఉప్పు కరిగి బయటికి వస్తుంది. తర్వాత మెత్తటి టూత్‌బ్రష్‌తో పళ్ళ వెంబడి ఒకసారి తోమి, నీడలో ఆరేస్తారు. ఎండలో వెయ్యరు, ఎండకు రబ్బరు పెళుసుబారుతుంది. ఆరినాక ఒక మైనం ముక్క రుద్దుతారు. కాళ్ళకు వేసుకునే బూట్ల జిప్పులు కూడా వదలరు. ఇసుక మొదట చేరేది వాటిలోనే.

‘మన ఊరికి సముద్రం లేదు కదా, చెరువు నీళ్ళకు కడగడమెందుకు’ అని ఒకాయన నన్ను అడిగినాడు. మన క్వారీ గుంతల అడుగున ఏముంటుందో ఆయనకు తెలియనిది కాదు. గ్రానైటు కోసిన పొడి బురదలాగా పేరుకొని ఉంటుంది. గ్రానైటులో పలుగురాయి ఉంటుంది, అది ఇత్తడి కన్నా ఎంతో గట్టిది. ఆ పొడి జిప్పు పళ్ళ మధ్య ఇరుక్కున్నాక రన్నరును లాగిన ప్రతిసారీ పళ్ళు కొంచెం అరుగుతాయి. ఉప్పుకు నీళ్ళు చాలు, కరిగిపోతుంది. రాతిపొడి కరగదు, దాన్ని బ్రష్‌తో పోగొట్టాల్సిందే. అందుకే విశాఖ సూటు కన్నా చిత్తూరు సూటుకు శుభ్రం ఎక్కువ అవసరం. ఇంకో సంగతి, మన ఊళ్ళో చాలా వీధుల్లో బోరు నీళ్ళకు బకెట్లు తెల్లగా పొర కడతాయి. ఆ పొరే జిప్పు మీదా కడుతుంది. బోరు నీళ్ళతో కడిగినా, చివరి చుట్టు మున్సిపాలిటీ కుళాయి నీళ్ళతోనే కడగాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. డ్రైసూట్ అని ఇంకో రకం ఉంది. మురికి నీళ్ళలో, వరద నీళ్ళలో, లోతు గుంతల్లో దిగేవాళ్ళకు కావాల్సింది అదే. లోపలికి చుక్క నీరు రాకూడదు. మెడ దగ్గర, ముంజేతుల దగ్గర సాగే రబ్బరు పట్టీలు, భుజాల మీదుగానో రొమ్ముకు అడ్డంగానో ఒక పెద్ద జిప్పు. ఈ జిప్పు మన బ్యాగు జిప్పులాంటిది కాదు. ఇత్తడి పళ్ళు రబ్బరు పూసిన గుడ్డ అంచులను గట్టిగా పట్టుకొని ఉంటాయి. మూసినప్పుడు ఆ రెండు రబ్బరు అంచులు ఒకదానికొకటి అదుముకొని గాలి కూడా పోకుండా చేస్తాయి. అంటే నీటిని ఆపేది రబ్బరు, రబ్బరును అదిమి పట్టేది పళ్ళు. ఒక్క పన్ను వంగినా అక్కడ రబ్బరు వదులవుతుంది, అక్కడి నుంచే నీరు వస్తుంది.

నీళ్ళకూ జిప్పుకూ సంబంధం పాతదే. గిడియన్ సండ్‌బ్యాక్ అనే ఇంజినీరు 1913లో ఇప్పటి జిప్పుకు రూపం ఇచ్చినాడు. 1923లో బి.ఎఫ్. గుడ్‌రిచ్ రబ్బరు కంపెనీ దాన్ని వానకు వేసుకునే రబ్బరు బూట్లకు పెట్టింది. గాలి పోకుండా ఆపే జిప్పులు తర్వాత, చాలా ఎత్తున ఎగిరే పైలట్ల సూట్ల కోసం వచ్చినాయి. అంతటి పని చేసే వస్తువును మనం పాత గోనెసంచి మూతిలాగా చూస్తున్నాము.

ఒక సహాయక బృందంలో పనిచేసే కుర్రవాడు ఒక డ్రైసూట్ తీసుకొచ్చినాడు. ఏ శాఖ, ఏ ఊరు అన్నది రాయను, ఆ పిల్లవాడికి ఇబ్బంది. నారింజ రంగు సూటు, గుడ్డ కొత్తగా మెరుస్తూనే ఉంది. ‘పెద్దాయనా, జిప్పు కదల్లేదు, కొత్తది ఏసిస్తావా’ అన్నాడు. దాన్ని బల్ల మీద పరిచి చూసినాను. నాలుగు మడతలు పెట్టి బీరువాలో పై సామాన్ల బరువు కింద పెట్టినట్టున్నారు. మడత పడిన చోట జిప్పు గీత గీసినట్టు విరిగి, పక్కపక్కన ఉన్న పళ్ళు ఒకటి పైకి ఒకటి కిందికి తిరిగిపోయినాయి. ఇత్తడికి చిలుము పట్టింది. కదలడం లేదని ఎవరో కొబ్బరినూనె పోసినారు. ఆ నూనెకు దుమ్మంతా అంటుకొని నల్లటి జిగురైంది. ముంజేతి రబ్బరు పట్టీకి కూడా ఆ నూనె తగిలి, అక్కడ ముట్టుకుంటే వేలికి బంకగా అంటుకుంది. ‘నాయనా, దీన్ని నేను కుట్టలేను, కుట్టకూడదు’ అని చెప్పి పంపించినాను. సూదితో పొడిచిన ప్రతి రంధ్రంలోంచీ నీరు వస్తుంది. ఈ జిప్పును జిగురుతో అతికించి, పైన పట్టీ వేసి, ఆరనిచ్చి, పరీక్ష చేసి ఇవ్వాలి, అది వేరే పని, దానికి తగిన మనిషి వేరు. తర్వాత గుంతలో దిగాల్సి వచ్చినప్పుడు ఆ పిల్లవాడు మామూలు చొక్కా, నిక్కరుతో దిగినాడని విన్నాను.

ఆ కొబ్బరినూనె గురించి ఇంకొంచెం చెప్పాలి. మన ఇళ్ళల్లో తలుపు గొళ్ళెం నుంచి గొడుగు దాకా ఏది బిగుసుకున్నా అదే రాస్తాము. డైవింగ్ సూటుకు మాత్రం రాయొద్దు. నూనె ఆరదు, తడిగా నిలబడి దుమ్మును పిలుస్తుంది. మెడ, ముంజేతుల దగ్గర ఉండేది లేటెక్స్ రబ్బరైతే నూనె తగిలినచోట మెత్తబడి చిరుగుతుంది. కుట్టుమిషను నూనె, వాజిలీను, కిరోసిన్, తుప్పు వదిలించే స్ప్రే డబ్బాలు, అన్నిటికీ ఇదే మాట. సిలికాన్ స్ప్రే మంచిదని చాలామంది అంటారు. ఇత్తడి జిప్పు డ్రైసూటుకు అదీ వద్దు. సిలికాన్ గుడ్డలోకి ఒకసారి ఇంకిందంటే, రేపు జిప్పు మార్చాల్సి వచ్చినప్పుడు ఆ చోట జిగురు పట్టదు. జిప్పుతో పాటు సూటే పోతుంది.

రాయాల్సింది మైనం. సాదా తెల్ల కొవ్వొత్తి చాలు, రంగు, సెంటు లేనిది. తేనెమైనం దొరికితే ఇంకా మంచిది. చెప్పులు కుట్టేవాళ్ళు దారానికి రాసుకునేది అదే, వాళ్ళనడిగితే ఒక ఉండ ఇస్తారు. తేనెమైనం కరగాలంటే 60 డిగ్రీలు దాటాలి, కాబట్టి మన మే నెల ఎండకు చేతిలో కారిపోదు. జిప్పును పూర్తిగా మూసి, బయటి వైపు పళ్ళ మీద మాత్రమే, ఒక చివర నుంచి ఇంకో చివరికి రుద్దాలి. పైన మిగిలిన పొట్టును పొడిబ్రష్‌తో దులిపెయ్యాలి. తర్వాత నిదానంగా ఒకసారి తెరిచి ఒకసారి మూస్తే మైనం పళ్ళ సందులకు అందుతుంది. లోపలి వైపు, రెండు రబ్బరు అంచులు కలిసే చోట, ఏమీ రాయకూడదు. అక్కడ తడిగుడ్డతో తుడిస్తే చాలు. ఆ అంచు మీద ఒక్క వెంట్రుక, ఒక్క దారప్పోగు పడినా అది నీటికి దారి.

ఈ మధ్య ప్లాస్టిక్ పళ్ళ డ్రైసూట్ జిప్పులు కూడా వస్తున్నాయి, జర్మనీలో చేసే టిజిప్ లాంటివి. తేలిగ్గా ఉంటాయి, బాగా వంగుతాయి. వాటికి కొవ్వొత్తి పనికిరాదు, తయారుచేసినవాళ్ళే చిన్న ట్యూబులో గ్రీజు ఇస్తారు. రన్నరు వెళ్ళి చివర కూర్చునే చోట అది తప్పకుండా రాయాలి, అక్కడ పొడిబారితే పూర్తిగా మూసుకోదు. రెండు రకాలకూ ఒకే మందు వెయ్యొద్దు. ఏ సూటుకు ఏ జిప్పో దాని మెడ లోపలే మార్కరుతో రాసి పెట్టుకుంటే కొత్తగా చేరినవాళ్ళకు కూడా తెలుస్తుంది.

చిలుము చూస్తే మనవాళ్ళ చేతులు చింతపండు వైపు పోతాయి. పూజ సామాన్లకు అది సరే. పులుపు నీళ్ళు ఉప్పును కరిగిస్తాయన్నది నిజమే. వెట్‌సూట్ రన్నరు ఉప్పుతో బిగుసుకుంటే నేను కూడా కొంచెం వెనిగర్ కలిపిన నీళ్ళలో రన్నరు వరకు నానబెట్టి, బాగా కడుగుతాను. కానీ డ్రైసూట్ ఇత్తడి పళ్ళను చింతపండు, ఇసుక, పీచు పెట్టి తోమితే పక్కనున్న రబ్బరు పొర గీసుకుపోతుంది, పులుపు గుడ్డలో నిలబడిపోతుంది. పసిపిల్లలకు వాడే సబ్బు నీళ్ళు, మెత్తటి బ్రష్, ఓపిక. దానికి మించి ఏమీ అక్కర్లేదు.

మూసే పద్ధతి కూడా నేర్పాలి. వీపు జిప్పును ఎవరికి వారు మూసుకోకూడదు. పక్కన ఇంకొకరు నిలబడి, ఒక చేత్తో రన్నరుకు వెనక గుడ్డను తిన్నగా పట్టుకొని, ఇంకో చేత్తో చిన్న చిన్న లాగుళ్ళతో, జిప్పు పోయే దారిలోనే లాగాలి. పక్కకు లాగితే పళ్ళు వంగుతాయి. ఆగిందంటే బలం పెట్టకుండా వెనక్కి తెచ్చి, లోపలి బనియను అంచు ఇరుక్కుందేమో చూడాలి. చివరి అర అంగుళం మీద కన్నుండాలి. అక్కడ పూర్తిగా మూసుకోని జిప్పు పైకి బాగానే కనిపిస్తుంది, నీళ్ళలో దిగినాకే బయటపడుతుంది.

సైజు సంగతి కొనేవాళ్ళు ఆలోచించరు. అందరికీ ఒకే సైజు తెప్పించినారంటే, భుజాలు పెద్దవిగా ఉన్నవాడు బిగించుకొని వేసుకుంటాడు. వంగిన ప్రతిసారీ జిప్పు రెండు వైపులా గుంజుకుంటుంది. ఎంత మైనం పెట్టినా ఆ గుంజుడుకు నిలబడదు. బృందంలో ఉన్న మనుషుల కొలతలు తీసుకున్నాకే ఆర్డరు పెట్టాలి. బట్టలు కుట్టే ఎవరినడిగినా ఇదే చెబుతారు.

ఇక పెట్టుకోవడం. ఇత్తడి జిప్పు సూటును జిప్పు తెరిచే ఉంచాలి. మూసి పెడితే లోపలి రబ్బరు అంచులు నెలల తరబడి అదుముకొని ఉండి అణిగిపోతాయి. జిప్పు దగ్గర మడత రాకూడదు. కాళ్ళ వైపు నుంచి వదులుగా చుట్టుకుంటూ రావాలి, లేదా లావుపాటి దండెం మీద వేలాడదియ్యాలి. పైన ఏ సామానూ పెట్టకూడదు. ఎండలో నిలిపిన జీపులో అసలు వదలకూడదు. ముంజేతి పట్టీలకు వాసన లేని టాల్కం పౌడరు కొంచెం అద్దితే అంటుకోకుండా ఉంటాయి.

మూడు నెలలకొకసారి ఒక పరీక్ష చేసుకోవచ్చు, దానికి ఏ ల్యాబూ అక్కర్లేదు. ముంజేతుల్లో ఖాళీ నీళ్ళ సీసాలు, మెడలో సరిపోయే బంతి దూర్చి, జిప్పు మూసి, సూటులోకి గాలి నింపండి. జిప్పు మీద సబ్బునురగ పూయండి. సైకిల్ ట్యూబుకు పంక్చరు చూసినట్టే, కారే చోట బుడగలు వస్తాయి. ఆ చోట మార్కరుతో గుర్తు పెట్టుకొని రిపేరుకు పంపాలి. కారుతున్న సూటును ‘ఈ ఒక్కసారికి’ అని వేసుకొని దిగకూడదు.

ఎందుకు దిగకూడదో కూడా రాస్తాను. 2021 నవంబరు వరదలు మనమెవరమూ మరిచిపోలేదు. తిరుపతి వీధులు కాలువలైనాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని చుట్టుపక్కల ఊళ్ళ జనం ఇళ్ళు వదిలి పోవాల్సి వచ్చింది. వరద నీళ్ళంటే వాన నీళ్ళు మాత్రమే అనుకుంటాము. మురుగు కాలువలు, మరుగుదొడ్ల గుంతలు, చచ్చిన జంతువులు, అన్నీ కలిసిన నీళ్ళవి. ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ జ్వరం వరదల తర్వాతే ఎక్కువగా చూస్తాము. కాలి మీద చిన్న గీత ఉంటే ఆ క్రిమికి అది చాలు. డ్రైసూట్ ఇచ్చేది ఆ నీటిని ఒంటికి తగలనీయకుండా ఉండడానికే. జిప్పు కారితే మురికి లోపలే నిలబడిపోతుంది. క్వారీల్లో ఇంకో ప్రమాదం. పైన 40 డిగ్రీల ఎండ కాస్తున్నా లోతుకు పోయేకొద్దీ నీళ్ళు చల్లబడతాయి. గాలి కన్నా నీరు ఒంటి వేడిని సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. గంటసేపు అడుగున వెతికే మనిషికి వేళ్ళు మొద్దుబారితే తాడు ముడి కూడా విప్పుకోలేడు. దానికి తోడు ప్రతి 10 మీటర్ల లోతుకూ, గట్టు మీద గాలి మన మీద వేసే ఒత్తిడి ఎంతో అంత ఒత్తిడి పెరుగుతుంది, ఎక్కడ బలహీనమైన పన్ను ఉందో నీరు దాన్ని వెతుక్కుంటుంది.

సూటు లేకుండా దిగే గజ ఈతగాళ్ళ ధైర్యానికి నేను చేతులెత్తి మొక్కుతాను. వాళ్ళలో చాలామంది చేపలు పట్టుకొని బతికేవాళ్ళు, కబురు రాగానే తింటున్న అన్నం వదిలి వచ్చేవాళ్ళు. తల్లిదండ్రులు గట్టు మీద కూర్చొని ఏడుస్తుంటే, ఊపిరి బిగబట్టి మళ్ళీ మళ్ళీ దిగుతారు. బీరువాలో లక్షల సామాను ఉండి, జిప్పు కదలక ఆ మనుషులు ఒట్టి ఒంటితో దిగడం నాకు కడుపు రగిలించే విషయం.

అధికారులను నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. బండికి లాగ్‌బుక్కు ఉన్నట్టే ప్రతి సూటుకూ ఒక పుస్తకం, ఒక బాధ్యుడు ఉండాలి. ఎప్పుడు వాడినారు, ఏ నీళ్ళలో వాడినారు, ఎవరు కడిగినారు, మైనం ఎప్పుడు పెట్టినారు అన్నది సంతకంతో రాయాలి. సూట్లతో పాటు ఒక డబ్బా: టూత్‌బ్రష్‌లు, మెత్తటి సబ్బు, కొవ్వొత్తులు, నూలు గుడ్డ, ప్లాస్టిక్ జిప్పులకైతే వాటి గ్రీజు. గ్రీజు పక్కన పెడితే మిగతాదంతా కలిపి రెండు వందల రూపాయలు కాదు. కొనేటప్పుడే జిప్పు ఏ రకమో అడిగి రాయించుకోవాలి, పోతే ఎక్కడ మారుస్తారో కూడా ఆ కాగితంలోనే ఉండాలి. నేర్పడానికి మనుషులు లేరని అనొద్దు. నేవీ డైవర్లకు కొచ్చిలో ప్రత్యేకంగా డైవింగ్ స్కూలే ఉంది. అక్కడ శిక్షణ పొంది పదవీ విరమణ చేసినవాళ్ళు ఎవరున్నారో వెతికి పిలిపించి, వానలకు ముందు ఒక పూట సూట్లన్నీ బయట పరిచి చూపించమంటే, మన పిల్లలు ఇట్టే పట్టుకుంటారు. అగ్నిమాపక, పోలీసు, రెవెన్యూ, ఎవరి దగ్గర సూట్లున్నా అందరూ ఆ పూట అక్కడికి రావాలి.

చివరగా ఒక మాట, ఇది ప్రచారం కోసం కాదు. తిరుపతి, చిత్తూరు రెండు జిల్లాల్లో ఎక్కడైనా సరే, నీళ్ళలో దిగి మనుషులను కాపాడే పనిలో ఉన్నవాళ్ళు వెట్‌సూట్లు, బూట్లు, సామాన్ల సంచులు తెస్తే నేను కూలి తీసుకోకుండా జిప్పులు చేసి ఇస్తాను. రన్నరు మార్చాల్సి వస్తే దాని ఖరీదు ఇస్తే చాలు. డ్రైసూట్ అయితే నేను కుట్టను. శుభ్రం చేసి, మైనం పెట్టి, కారుతోందో లేదో చూసి చెబుతాను. తెచ్చేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకోండి: కడిగి, నీడలో ఆరబెట్టి, జిప్పు తెరిచి, మడత పెట్టకుండా చుట్టి తీసుకురండి.

ఇట్లు,
గాంధీ రోడ్డులో బ్యాగులు రిపేరు చేసే మీ పాఠకుడు,
తిరుపతి.